ప్యాచ్ మందు ఒంట్లో పేరుకుపోతుందా? ఖాళీ వారం పెరిగితే ఏమవుతుంది?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమెకు 31 ఏళ్ళు, మూడేళ్ళ పాప ఉంది. రెండో బిడ్డ సంగతి ఇంకో రెండేళ్ళ తర్వాతే అనుకున్నారు. మాత్రలు రోజూ వేళకు వేసుకోవడం కుదరక, అయిదు నెలలుగా వారానికొకటి చొప్పున మూడు వారాలు అంటించుకుని, నాలుగో వారం ఖాళీగా వదిలే గర్భనిరోధక ప్యాచ్ వాడుతున్నారు. మొదటి రెండు నెలలు రొమ్ములు సలిపాయి, మధ్యమధ్యలో మరకలు కనిపించాయి. మూడో నెల నుంచి ఆ బాధలేవీ లేవు. "ఒంటికి అలవాటైపోయి మందు పనిచేయడం మానేసిందేమో" అని ఇప్పుడు అనుమానం పట్టుకుంది.

దానికి తోడు రెండు పొరపాట్లు జరిగాయి. గత నెల రెండో వారపు ప్యాచ్ ఎప్పుడు ఊడిందో తెలియదు. మంగళవారం రాత్రి ఉంది, గురువారం పొద్దున చూస్తే లోదుస్తులకు అంటుకుని కనిపించింది. దాన్నే మళ్ళీ పొట్ట మీద పెట్టి, పైన ప్లాస్టర్ వేసి సోమవారం దాకా నెట్టుకొచ్చారు. ఆ నెల నెలసరి రెండు రోజులే, అదీ అంతంతమాత్రం. ఈ నెల ప్రయాణంలో ఉండి, సోమవారం పెట్టుకోవలసిన మొదటి ప్యాచ్ గురువారం పెట్టుకున్నారు. ఆ మూడు రోజుల్లోనూ, తర్వాతి వారంలోనూ కండోమ్ వాడలేదు. అప్పటి నుంచి గురువారాలే మారుస్తున్నారు, ఇప్పుడు ఒంటి మీద మూడోది ఉంది.

ప్యాచ్ లేని వారం వచ్చిందంటే తలనొప్పి. ఆ వారం వదిలేసి వరుసగా అంటించుకోమని స్నేహితురాలి సలహా. భర్తదేమో వేరే మాట: "ఆ మందు ఒంట్లో పేరుకుపోతుంది, ఆరు నెలలకోసారి ఆపి ఒంటికి విశ్రాంతి ఇవ్వకపోతే రేపు పిల్లలు పుట్టరు." తలనొప్పి గురించి రాస్తూ ఆమె ఒక్క వాక్యం కలిపారు: "రెండుసార్లు నొప్పి మొదలవక ముందు కళ్ళ ముందు మెరిసే వంకర గీతలు కదిలాయి, అరగంటలో పోయాయి." ఎవరి మాట వినాలన్నది ఆమె ప్రశ్న.

జవాబు:

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మాత్రం అడగకుండా రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. అందుకే ముందు దాని గురించే చెబుతాను.

తలనొప్పికి ముందు మెరిసే వంకర గీతలు కనిపించడం, అవి నెమ్మదిగా పక్కకు పాకడం, చూపులో ఒక ముక్క మాయమవడం, అయిదు నిమిషాల నుంచి గంట లోపు అదంతా సర్దుకుని నొప్పి మొదలవడం: దీన్ని వైద్యులు ఆరాతో కూడిన మైగ్రేన్ అంటారు. కొందరికి దానితోపాటు ఒక చెయ్యి గానీ ముఖంలో ఒక పక్క గానీ తిమ్మిరెక్కుతుంది, మాట తడబడుతుంది. తలనొప్పి జోరుగా ఉన్నప్పుడు కళ్ళు మసకబారడం, వెలుగు చూడలేకపోవడం ఆరా కిందికి రావు. కాబట్టి మీరు గుర్తుచేసుకోవలసినవి మూడు. ఆ గీతలు నొప్పికి ముందే వచ్చాయా? కళ్ళు మూసుకున్నా కనిపించాయా? కొంచెం కొంచెంగా పెరిగాయా?

వీటికి జవాబు అవునైతే, ఈస్ట్రోజెన్ ఉన్న ఏ గర్భనిరోధకమూ మీకు తగదు. ప్యాచ్ ఒక్కటే కాదు, రెండు హార్మోన్లు కలిసిన మామూలు మాత్రలు, యోని రింగు కూడా అంతే. ఆరా మైగ్రేన్ ఉన్నవాళ్ళకు పక్షవాతం (బ్రెయిన్ స్ట్రోక్) ముప్పు మామూలుగానే కాస్త ఎక్కువ, ఈస్ట్రోజెన్ దాన్ని ఇంకా పెంచుతుంది. మీ వయసులో ఆ ముప్పు అంకె చిన్నదే, భయంతో నిద్ర మానుకోనక్కరలేదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఈ జోడీని 'వాడకూడదు' అనే నాలుగో వర్గంలో పెట్టాయి. వేరే మంచి పద్ధతులు ఉండగా ఆ ముప్పు మోయడం దేనికన్నదే దాని భావం. గీతలు ప్యాచ్ లేని వారంలో వచ్చాయి కాబట్టి ప్యాచ్‌కు సంబంధం లేదనుకోవద్దు. ఆరా ఏ రోజున వచ్చినా లెక్క అదే.

నా సలహా ఇది. మీరు రాసింది రాసినట్టే జరిగి ఉంటే, ఒంటి మీదున్న మూడో ప్యాచ్ ఈరోజే తీసేసి, కండోమ్‌కు మారి, ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. కొన్ని రోజులు ముందు తీసినందువల్ల నష్టం లేదు, రెండు మూడు రోజుల్లో రక్తస్రావం మొదలవుతుంది, అంతే. హఠాత్తుగా ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఇదివరకెప్పుడూ ఎరగనంత తలనొప్పి వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పితో ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళండి.

ఇక మీరు అడిగినవి. వీటన్నిటికీ మూలం ఒకటే: ప్యాచ్ మందు ఒంట్లోకి ఎలా వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎలా పోతుంది అన్నది. అది తెలిస్తే మీ వారి భయానికీ, స్నేహితురాలి సలహాకూ, ఊడిన ప్యాచ్ సంగతికీ జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్యాచ్‌కు మూడు పొరలుంటాయి. బయటకు కనిపించే పల్చని పొర, మధ్యలో జిగురు, పెట్టుకునే ముందు పీకి పారేసే పొర. మందు వేరే సంచిలో ఉండదు, ఆ జిగురులోనే కలిసి ఉంటుంది. చర్మానికి జిగురు ఎంత ఆనితే మందు అంత దిగుతుంది. అంచు లేచిందంటే అంతమేర మందు ఆగినట్టే. ప్యాచ్‌ను కత్తిరించవద్దనేది కూడా ఇందుకే.

అంటించిన తర్వాత రక్తంలో హార్మోన్ల మోతాదు పెరుగుతూ పోయి, సుమారు 48 గంటలకు ఒక మట్టానికి చేరుతుంది. అక్కడి నుంచి వారమంతా దాదాపు సమంగా ఉంటుంది. మాత్రలో అయితే వేసుకున్న కాసేపటికి పెరిగి మర్నాటికి తగ్గి, రోజూ ఒక ఎత్తూ ఒక పల్లమూ ఉంటాయి. ప్యాచ్‌లో శిఖరం తక్కువ. కానీ 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ మాత్రతో పోలిస్తే మొత్తమ్మీద ఒంటికి అందే ఈస్ట్రోజెన్ సుమారు 60 శాతం ఎక్కువ. "చర్మం మీద పెట్టేదే కదా, మాత్రంత ఘాటు ఉండదు" అనుకునేవాళ్ళు చాలామంది. అది తప్పు. చర్మం గుండా వస్తే కాలేయాన్ని తప్పించుకుంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టదనే మాటా సరికాదు. ప్యాచ్‌లో వాడే ఈస్ట్రోజెన్ రకం, ఇథినైల్ ఎస్ట్రాడియోల్, అంత తేలిగ్గా విచ్ఛిన్నం కాదు. అది రక్తం ద్వారానే కాలేయానికి చేరి, గడ్డకట్టించే ప్రొటీన్లను పెంచుతుంది.

పేరుకుపోవడం గురించి. జులేన్ రకం ప్యాచ్‌నే తీసుకోండి. అందులో ప్రొజెస్టిన్ అనే రెండో రకం హార్మోను, నోరెల్‌జెస్ట్రోమిన్, 4.86 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఎస్ట్రాడియోల్ 0.53 మిల్లీగ్రాములు ఉంటాయి. రోజుకు ఒంట్లోకి వెళ్ళేది మొదటిది 150 మైక్రోగ్రాములు, రెండోది 35 మైక్రోగ్రాములు. ఏడు రోజులకు లెక్కకట్టండి: మొదటిదానిలో అయిదో వంతు, రెండోదానిలో సగానికి లోపు. మిగతాదంతా పీకి పారేసే ప్యాచ్‌లోనే ఉండిపోతుంది. మీ వారు భయపడే నిల్వ ఒకటి ఉన్నమాట నిజమే గానీ, అది మీ ఒంట్లో కాదు, చెత్తబుట్టలో!

ఒంట్లోకి దిగినది ఎంతకాలం ఉంటుంది? ప్యాచ్ తీశాక రక్తంలో ఇథినైల్ ఎస్ట్రాడియోల్ సగానికి తగ్గడానికి సుమారు 17 గంటలు, నోరెల్‌జెస్ట్రోమిన్‌కు సుమారు 28 గంటలు పడుతుంది. ఆ లెక్కన మొదటిది నాలుగు రోజుల్లో, రెండోది వారం లోపు దాదాపుగా ఖాళీ అవుతాయి. మొదటి రెండు వారాల్లోనే ఒక స్థిరమైన మట్టం ఏర్పడుతుంది. అయిదు నెలలు వాడినా అయిదేళ్ళు వాడినా నెల నెలకూ అది పెరుగుతూ పోదు. ఆపితే చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల్లో అండం విడుదల మామూలవుతుంది. ఇదివరకు నెలసరి సక్రమంగా రానివాళ్ళకు ఆ పాత ఇబ్బందే తిరిగి బయటపడవచ్చు. నింద ప్యాచ్ మీద పడుతుంది గానీ, అది ప్యాచ్ తెచ్చింది కాదు.

ఆరు నెలలకోసారి విశ్రాంతి అన్నది వినడానికి బాగానే ఉంటుంది, చేస్తే చెడుపు. ఈస్ట్రోజెన్ ఉన్న పద్ధతుల్లో కాలి సిరల్లో గడ్డకట్టే ముప్పు మొదటి ఏడాదిలోనే ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. నాలుగు వారాలో అంతకన్నా ఎక్కువో ఆపి మళ్ళీ మొదలుపెడితే, ఆ మొదటి రోజుల ముప్పు మళ్ళీ మొదటికొస్తుంది. ఐరోపా మందుల సంస్థ అంచనా ప్రకారం, ఏ హార్మోనూ వాడని పదివేలమంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి ఇలా గడ్డకడుతుంది, ఈ రకం ప్యాచ్ వాడేవాళ్ళలో 6 నుంచి 12 మందికి. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా ప్రసవమైన కొత్తలో, ముప్పు ఇంతకన్నా ఎక్కువ. ఈ అంకెలు మీ వారికి చూపించండి. ఆయన ఆందోళన అసలు లేనిదేమీ కాదు, గురి మాత్రమే తప్పింది. ఆరు నెలలకోసారి ఆపడం కన్నా, రక్తపోటు చూపించుకోవడం, పొగ అలవాటు, కుటుంబంలో ఎవరికైనా గడ్డకట్టిన చరిత్ర, 30 దాటిన బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) వంటివి డాక్టరుకు చెప్పడం అసలు జాగ్రత్త. బరువు 90 కిలోలు దాటితే ప్యాచ్ పనితనం కూడా తగ్గుతుంది.

రొమ్ముల సలుపు, మరకలు తగ్గడం గురించి దిగులు వద్దు. అవి మొదటి రెండు మూడు నెలల్లో ఉండి పోవడమే మామూలు. గర్భాశయం లోపలి పొర కొత్త హార్మోన్లకు సర్దుకునేదాకా అక్కడక్కడా రాలుతుంది, అదే మరక. సర్దుకున్నాక పొర పల్చబడుతుంది. మీ నెలసరి రెండు రోజులే, కొద్దిగానే రావడానికీ కారణం ఇదే కావచ్చు. ప్యాచ్ వాడేటప్పుడు వచ్చేది సహజమైన నెలసరి కాదు, హార్మోను ఆగినందుకు వచ్చే స్రావం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని అదుపులో పెట్టి అండం విడుదల కాకుండా ఆపడం, గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావాన్ని చిక్కబరచడం: ఈ రెండు పనులూ పక్క లక్షణాలు తగ్గినంత మాత్రాన తగ్గవు. అయితే స్రావం వచ్చింది కాబట్టి గర్భం లేదని కూడా అనుకోకండి. పొరపాటు జరిగిన నెలలో అది రుజువు కాదు.

ఇప్పుడు ఆ పొరపాట్లు. రెండూ ఒకేలాంటివి అనిపిస్తాయి గానీ కాదు.

ప్యాచ్‌లో ఏడు రోజులకు మించి మందు ఉంటుందని చెప్పాను కదా. అందుకే రెండో వారంలోనో మూడో వారంలోనో మార్చడం రెండు రోజుల లోపు ఆలస్యమైతే ఫరవాలేదు, గుర్తొచ్చిన వెంటనే కొత్తది పెట్టుకుంటే చాలు. ఈ వెసులుబాటు విని, పొదుపుగా ఒక్కోదాన్ని తొమ్మిది రోజులు వాడేవాళ్ళూ ఉన్నారు. ఆ రెండు రోజులు మరుపుకోసం ఇచ్చిన గడువు, వాడుకోవడానికి కాదు.

ఖాళీ వారం తర్వాత పెట్టే మొదటి ప్యాచ్‌కు ఈ వెసులుబాటు లేదు. ఆ ఏడు రోజుల్లో హార్మోన్లు పడిపోగానే పిట్యూటరీ మేల్కొంటుంది, అండాశయంలో కొత్త అండం ఎదగడం మొదలుపెడుతుంది. ఏడో రోజుకు అది సగం దారిలో ఉంటుంది, ఎనిమిదో రోజు ప్యాచ్ పడితే అక్కడే ఆగిపోతుంది. పదో రోజు దాకా వదిలితే కొందరిలో ఇక ఆగదు. కాబట్టి ప్యాచ్ వాడేవాళ్ళు అన్నిటికన్నా భద్రంగా కాపాడుకోవలసింది ఒంటి మీద ఉన్న రోజులను కాదు, లేని రోజులను. అవి ఏడుకు మించకూడదు. ఆరైనా, మూడైనా, అసలు లేకున్నా ఇబ్బంది లేదు. మీ ప్రయాణంలో ఆ విరామం పది రోజులైంది. గురువారాన్ని కొత్త మార్పు రోజుగా పెట్టుకోవడం సరైన పనే. దానితోపాటు ఏడు రోజులు కండోమ్ వాడి ఉండాల్సింది. ఆ సమయంలో కలిసి అయిదు రోజులు దాటకపోతే అత్యవసర మాత్ర అడగవచ్చు. ఇప్పుడు ఆ గడువు దాటిపోయింది.

ఊడిన ప్యాచ్ విషయంలో నియమం వేరు. చాలా కరపత్రాలు 24 గంటల గీత గీస్తాయి. అంతకు లోపు అయితే, జిగురు బాగుంటే అదే, లేకపోతే కొత్తది పెట్టి, పాత మార్పు రోజునే కొనసాగించవచ్చు. దాటితే కొత్త ప్యాచ్‌తో కొత్త నెల లెక్క, ఏడు రోజుల కండోమ్. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల మార్గదర్శకం మాత్రం 48 గంటల దాకా పరవాలేదంటుంది. మీది ఎక్కువలో ఎక్కువ ముప్పై నాలుగు ముప్పై అయిదు గంటలు, అంటే రెండింటి మధ్య. ఎప్పుడు ఊడిందో తెలియనప్పుడు 24 దాటినట్టే లెక్కించడం నయం. కానీ అసలు తప్పు ఆ గంటల్లో లేదు. బట్ట నూలు, దుమ్ము అంటుకున్న జిగురు చర్మానికి ఆనదు, పైన ఎంత ప్లాస్టర్ వేసినా మందు దిగదు. ప్లాస్టర్ ప్యాచ్‌ను ఊడకుండా పట్టుకుంటుంది, పనిచేయించలేదు. అందువల్ల గురువారం నుంచి సోమవారం దాకా మీకు సగమో పావో మాత్రమే రక్షణ ఉండి ఉంటుంది.

గర్భం ఉందా లేదా తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కలయిక జరిగి మూడు వారాలు దాటితే మూత్ర పరీక్ష నమ్మదగినది. ఊడిన ప్యాచ్ సంగతి జరిగి నెల దాటింది కాబట్టి, రేపు పొద్దున లేవగానే పరీక్ష చేసుకుంటే దాని సంగతి తేలిపోతుంది. ఆలస్యమైన ప్యాచ్ సంగతి ఆ పరీక్షతో పూర్తిగా తేలదు. మీరు పెట్టుకున్న గురువారం నుంచి ఏడు రోజులు రక్షణ లేని కాలం, దానికి మూడు వారాలు కలిపితే సరిగ్గా 28వ రోజు. ఆ రోజు రెండోసారి చేయండి. గర్భం వచ్చినట్టు తేలినా ప్యాచ్ తీసేసి డాక్టరును కలవడమే, అప్పటిదాకా వాడినందువల్ల బిడ్డకు అవకరం వస్తుందన్న ఆధారం లేదు.

ఇక ముందుకు ఏం చేయాలన్నది డాక్టరు ఆ గీతలను ఏమంటారో దాన్నిబట్టి ఉంటుంది.

అవి ఆరా కావని తేలితే ప్యాచ్ కొనసాగించవచ్చు. అప్పుడు ఖాళీ వారపు తలనొప్పి ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోవడం వల్ల వచ్చేది. మీ స్నేహితురాలి సలహాకు ఆధారం ఉంది. వరుసగా 12 వారాలు అంటించి, తర్వాత ఒక వారం విడిచే పద్ధతిని పరీక్షించి చూశారు. తలనొప్పి రోజులు తగ్గుతాయి, పది రోజుల విరామంలాంటి పొరపాట్లకూ చోటు తగ్గుతుంది. అయితే మొదట్లో మరకలు ఎక్కువ, ఒంటికి అందే మొత్తం ఈస్ట్రోజెన్ కూడా పెరుగుతుంది. కాబట్టి డాక్టరుతో మాట్లాడాకే. లేదా ఆ వారం రెండు మూడు రోజులకు నొప్పి మాత్ర రాయించుకుని మామూలు పద్ధతిలోనే ఉండవచ్చు. ఊడకుండా ఉండాలంటే చోటు మార్చండి. మీరు పెట్టుకునేది పొట్ట మీద, నడుము పట్టీ ఒరుసుకునే దగ్గరైతే ఊడక మానదు. పిరుదు పైభాగం, పై చేతికి బయటి వైపు, వీపు పైభాగం మేలు. రొమ్ముల మీద మాత్రం పెట్టకూడదు. ఆ చోట నూనె, లోషన్, పౌడరు ఏవీ ఉండకూడదు. పూర్తిగా ఆరిన చర్మం మీద అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదిమి, అంచుల చుట్టూ వేలితో తడమండి. ప్రతి వారం చోటు మార్చండి, రోజూ స్నానమయ్యాక ఒకసారి అంచులు చూసుకోండి. నీళ్ళకూ చెమటకూ అది మామూలుగా తట్టుకుంటుంది. విడిగా ఒక ప్యాచ్ ఎప్పుడూ సంచిలో ఉండనివ్వండి.

అది ఆరాయే అని తేలితే ఈస్ట్రోజెన్ లేని దారులు చూడాలి. కాపర్ టీలో హార్మోనే లేదు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, తీయగానే గర్భం రావచ్చు. మొదటి నెలల్లో రక్తస్రావం, నొప్పి పెరుగుతాయి. హార్మోను ఉన్న లూప్ దానికి ఎదురు, రక్తస్రావాన్ని తగ్గిస్తుంది గానీ మొదట్లో మరకలు విసిగిస్తాయి. చేతిలో పెట్టే ఇంప్లాంటుతో మూడేళ్ళు మరచిపోవచ్చు, కానీ ఎప్పుడు మరక పడుతుందో చెప్పలేం. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్రలు సురక్షితమే, అయితే వేళ తప్పకూడదు. మాత్ర వేళకు కుదరకే కదా మీరు ప్యాచ్‌కు వచ్చింది. మూడు నెలల ఇంజెక్షన్ గురించి కొంచెం ఆలోచించండి. ఆఖరిది వేసుకున్నాక గర్భం రావడానికి సగటున పది నెలలు పట్టవచ్చు. రెండేళ్ళ తర్వాత బిడ్డ కావాలనుకుంటున్న మీకు ఆ లెక్క ముందే తెలిసి ఉండాలి. మీ ఉత్తరంలోని అవసరాలకు నాకు లూప్‌లు, ఇంప్లాంటు దగ్గరగా కనిపిస్తున్నాయి. ఏ ఇబ్బంది మీరు ఓర్చుకోగలరు, ఏది ఓర్చుకోలేరు అన్నది మీరే తేల్చుకోవాలి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద ప్యాచ్ పెట్టిన, తీసిన తేదీలు, తలనొప్పి వచ్చిన రోజులు, ఆ గీతలు ఎన్ని నిమిషాలు కనిపించాయో రాసుకుని తీసుకెళ్ళండి. వాడుతున్న ఇతర మందుల పేర్లు కూడా. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజపైన్, ఫెనిటోయిన్ వంటివి ప్యాచ్ పనిని దెబ్బతీస్తాయి. ఈరోజు తీసే ప్యాచ్‌ను జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, పాపకు అందని చెత్తబుట్టలో వేయండి. మరుగుదొడ్లో వేయవద్దు.